భూతాపం: ఆధారాలేమిటి, ప్రభుత్వాలు చేస్తున్నదేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

భూతాపం గురించి అడిగేవారు రెండు రకాలు. భూమి నిజంగానే వేడెక్కుతోందా, అదీ మనిషి వల్లేనా అని అనుమానించేవారు కొందరు. అది సరే, మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి అని నిలదీసేవారు మరికొందరు. మొదటివారికి ఓపికగా, రెండోవారికి దాపరికం లేకుండా జవాబు చెప్పే ప్రయత్నం ఇది.

భూమి ఎంత వేడెక్కింది?

పోల్చడానికి శాస్త్రవేత్తలు 1850–1900 మధ్య కాలపు సగటును తీసుకుంటారు. దానికంటే ఇప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.3 నుంచి 1.4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. 2024 సంవత్సరాన్ని విడిగా చూస్తే 1.5 డిగ్రీలు దాటింది. రికార్డులు మొదలైనప్పటి నుంచి అంత వేడి సంవత్సరం లేదు. 2015 నుంచి 2024 దాకా గడిచిన పదేళ్లే అప్పటివరకు ఆ రికార్డుల్లోని అత్యంత వేడి పది సంవత్సరాలు.

డిగ్రీన్నర కూడా ఒక లెక్కేనా అని చాలామంది కొట్టిపారేస్తారు. గది ఉష్ణోగ్రత అయితే లెక్క కాదు. కానీ ఇది భూగోళం మొత్తానికి సగటు. ఇరవై వేల ఏళ్ల నాటి మంచుయుగంలో ఈ సగటు పారిశ్రామిక విప్లవానికి ముందున్న దానికంటే అయిదు నుంచి ఏడు డిగ్రీలు మాత్రమే తక్కువ. ఆ తేడాకే ఇప్పటి కెనడా దాదాపు అంతా కిలోమీటర్ల మందం మంచు కింద ఉండేది, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పటి నుంచి కోలుకోవడానికి భూమికి వేల ఏళ్లు పట్టింది. మనం తెచ్చిన మార్పుకు నూట యాభై ఏళ్లు చాలాయి.

థర్మామీటర్లు నగరాల్లో, సిమెంటు కట్టడాల మధ్య ఉన్నాయి కదా? ఆ వేడినే భూతాపం అంటున్నారేమో?

అడగదగ్గ ప్రశ్నే. రిచర్డ్ ముల్లర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్తకూ ఇదే అనుమానం వచ్చింది. ఊరికే విమర్శించి ఊరుకోకుండా ఆయన బర్క్‌లీ ఎర్త్ అనే బృందాన్ని కూర్చి, రికార్డులన్నిటినీ మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టించాడు. నగరాల ప్రభావం ప్రపంచ సగటును చెప్పుకోదగ్గంతగా మార్చడం లేదని తేలింది. తన అనుమానం తీరిపోయిందని, వేడెక్కడానికి మనిషే కారణమని 2012లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. అయినా నడిసముద్రాలు కూడా వేడెక్కుతున్నాయి. అక్కడ సిమెంటు కట్టడాలు ఎక్కడివి?

థర్మామీటర్లను పక్కన పెడితే ఇంకేం ఆధారాలున్నాయి?

అసలు బలం ఇక్కడే ఉంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పనుల కోసం రాసిపెట్టుకున్న లెక్కలన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

జపాన్‌లో సువా అనే సరస్సు ఉంది. చలికాలంలో అది గడ్డకట్టి, రాత్రీపగలూ మంచు బిగుసుకుంటూ సాగుతూ ఉంటే ఒడ్డు నుంచి ఒడ్డు దాకా చప్పుడు చేస్తూ ఒక మంచు గట్టు లేస్తుంది. దేవుడు సరస్సు దాటి దేవేరిని చూడబోయిన బాట అదని అక్కడి నమ్మకం. ఆ బాట ఏ రోజు పడిందో గుడి పూజారులు 1443 నుంచి రాస్తూ వచ్చారు. వాళ్లకు కర్బనం గురించి తెలియదు, ఏ వాదనా నెగ్గాలని లేదు. ఆ పుస్తకాల్లో మొదటి 250 ఏళ్లలో సరస్సు గడ్డకట్టని సంవత్సరాలు మూడే. 2005 నుంచి 2014 వరకు పదేళ్లలోనే అలాంటివి అయిదు. అదే దేశంలో క్యోటో నగరపు చెర్రీ పూల లెక్కలు దాదాపు 1200 ఏళ్లవి. వాటన్నిటిలో అత్యంత ముందుగా పూలు విరగబూసిన సంవత్సరాల్లో ఒకటి 2021: మార్చి 26.

ఇక సముద్రం. కార్బన్ డయాక్సైడ్ లాంటి హరితగృహ వాయువులు పట్టి ఉంచిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా నీళ్లలోకే పోతుంది. దీన్ని కొలవడానికి ఆర్గో పేరుతో సుమారు 4,000 తేలే పరికరాలు ప్రపంచ సముద్రాల్లో తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల దాకా మునిగి, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుచుకుంటూ పైకి తేలి, ఉపగ్రహానికి లెక్క అప్పజెప్పి మళ్లీ మునుగుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది, దానికి కరిగిన మంచు తోడవుతుంది. 1993లో ఉపగ్రహాలతో కొలవడం మొదలైన నాటి నుంచి సముద్రమట్టం సగటున పది సెంటీమీటర్ల మేర పెరిగింది. పెరిగే వేగం కూడా ఈ ముప్ఫై ఏళ్లలో రెట్టింపయింది.

మంచు ఎంత కరిగిందో తూకం వేసి చెప్పే పద్ధతి నాకు అన్నిటికంటే ముచ్చటగా తోస్తుంది. గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు 2002లో కక్ష్యలోకి వెళ్లాయి. ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద బరువు ఎక్కువున్న చోటికి రాగానే ముందున్నది ఆ ఆకర్షణకు కాస్త ముందుకు జరుగుతుంది, ఎడం పెరుగుతుంది. వెంట్రుక మందం కంటే తక్కువ తేడాను కూడా పట్టుకుని, కింద ఎంత ద్రవ్యరాశి ఉందో లెక్కగట్టేవారు. ఆ పని ఇప్పుడు వాటి వారసులు చేస్తున్నాయి. గ్రీన్‌లాండ్ ఏటా సగటున 27,000 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటోందని తెలిసింది ఇలాగే.

ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం 2014లో ఆ హోదా కోల్పోయింది. కదలడానికి కావలసినంత మంచు కూడా దానికి మిగల్లేదు. 2019లో అక్కడ స్మారక ఫలకం పెట్టారు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని ఎలా తెలుసు?

1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద, 3,400 మీటర్ల ఎత్తున కొలవడం మొదలుపెట్టాడు. పరికరంతో నిరంతరం కొలవడమే కాక, గాజు కూజాల్లో గాలిని పట్టి ప్రయోగశాలకు పంపే పద్ధతీ ఉంది. చూడటానికి చాలా మామూలు పని. లోపలి గాలంతా తోడేసిన కూజాను తీసుకుని, గాలి వీచే దిక్కుకు ముఖం పెట్టి, ఊపిరి బిగబట్టి మూత తిప్పాలి. మనం వదిలే శ్వాసలో ఆ వాయువు బయటి గాలిలో కంటే వంద రెట్లు ఉంటుంది. కాస్త ఏమరుపాటుగా ఊపిరి వదిలితే ప్రపంచం లెక్కకు బదులు కూజా పట్టుకున్న మనిషి లెక్క వస్తుంది.

తొలి కొలతలో గాలిలోని పది లక్షల పాళ్లలో 313 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉంది. 2024లో సగటు 420 దాటింది. ఆ కొలతలతో గీసిన గీత నున్నగా పైకి పోదు, రంపపు పళ్లలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చే కాలంలో ఆ వాయువును పీల్చుకుంటాయి, ఆకులు రాల్చే కాలంలో వదిలేస్తాయి. అందుకే ఏటా మే నెలలో శిఖరం, సెప్టెంబరు, అక్టోబరుల్లో పల్లం. పళ్లు ఏటా అవే, మెట్టు మాత్రం ఏటికేడు పైకి పోతుంది.

అంతకు ముందటి లెక్కకు అంటార్కిటికా మంచు ఉంది. క్లాడ్ లోరియస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1965లో అక్కడ ఒక సాయంత్రం పాతకాలపు మంచు ముక్కను విస్కీలో వేసుకుంటే అది కరుగుతూ చిటపటమంటూ బుడగలు వదిలింది. ఏనాటిదో గాలి అందులో చిక్కుకుని ఉందని, దాన్ని కొలవవచ్చని ఆయనకు అప్పుడు తట్టింది. తర్వాత తవ్వి తీసిన మంచు స్తంభాలు ఎనిమిది లక్షల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లాయి. అంత కాలంలోనూ ఆ వాయువు 180 నుంచి 300 పాళ్ల మధ్యే ఊగిసలాడింది.

పెరిగితే పెరిగింది, అది మనిషి పనేనని ఎలా చెబుతారు?

వేలిముద్రలు దొరికాయి కాబట్టి. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల కిందటివి. వాటిలో రేడియోధార్మిక కర్బనం ఎప్పుడో నశించిపోయింది. అలాంటి కర్బనం గాలిలో కలిసి అక్కడి రేడియోధార్మిక కర్బనాన్ని పల్చన చేస్తోందని 1950లలోనే హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త చెట్ల వలయాల్లో చూపించాడు. పైగా గాలిలో ఆక్సిజన్ కూడా స్వల్పంగా తగ్గుతోంది. ఏదో కాలుతోందనడానికి అది గుర్తు. మన శ్వాసకు దానివల్ల వచ్చే ఇబ్బంది ఏమీ లేదు.

సూర్యుడి పని కావచ్చు కదా అంటారు. సూర్యుడు మండితే వాతావరణం అడుగు నుంచి పైదాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు. నేలకు దగ్గరి పొర వేడెక్కుతుంటే, దానిపైన ఉన్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి మందమైతే దాని లోపల వెచ్చన, బయట చల్లన అయినట్టే. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని కొలుస్తూనే ఉన్నాయి, అందులో పెరుగుదల ఏమీ లేదు. అగ్నిపర్వతాలా? అవన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనుషులు వదిలే దాంట్లో ఒక శాతం కూడా కాదు. మన వాటా బొగ్గు, చమురు లాంటి శిలాజ ఇంధనాల నుంచే ఏటా దాదాపు 3,700 కోట్ల టన్నులు.

గతంలోనూ శీతోష్ణస్థితి మారింది కదా?

మారింది. భూమి కక్ష్యలో, వంపులో వేల ఏళ్లకొకసారి వచ్చే తేడాల వల్ల మారింది. పూర్వం అడవులు పిడుగుల వల్ల తగలబడేవి కాబట్టి ఇప్పుడు అగ్గిపుల్ల గీసినవాడి తప్పేమీ లేదనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ శీతాకాలం ఎముకలు కొరికే చలి వేసింది. మరి భూతాపం ఏమైనట్టు?

ఒక చోట, ఒక వారం ఉండేది వాతావరణం. ముప్ఫై ఏళ్ల సగటు శీతోష్ణస్థితి. చలి రోజులు ఇకముందూ ఉంటాయి, కాకపోతే తగ్గుతాయి.

శాస్త్రవేత్తల అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయి?

కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ 1856లోనే చూపింది. ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఆరీనియస్ చేత్తో లెక్కగట్టాడు. స్ట్రాటోస్ఫియర్ చల్లబడటం మనం కొలిచి తెలుసుకున్న సంగతి కాదు, ముందే చెప్పిన జోస్యం. స్యుకురో మనాబే 1967లో తన సహచరుడితో కలిసి నాటి కంప్యూటర్ మీద వేసిన లెక్కలోనే అది ఉంది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రపంచం కొంతకాలం అర డిగ్రీ చల్లబడుతుందని ముందుగానే చెప్పారు, అలాగే జరిగింది.

తేలని విషయాలూ ఉన్నాయి. మేఘాలు వాటిలో పెద్దవి. అవి నీడా ఇస్తాయి, దుప్పటిలా కప్పనూ కప్పుతాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 2.5 నుంచి 4 డిగ్రీల దాకా అని చెప్పి, కచ్చితంగా ఒక అంకె చెప్పలేకపోవడానికి అవే ముఖ్య కారణం. వాదన ఎంత అనే దాని మీదే తప్ప, ఉందా లేదా అనే దాని మీద కాదు.

ఐపీసీసీ పరిశోధన చేస్తుందా?

ఐపీసీసీ అంటే శీతోష్ణస్థితి మార్పు మీద దేశాల ప్రభుత్వాలు కలిసి నడిపే శాస్త్ర సంస్థ. అది పరిశోధన చేయదు. ఇతరులు చేసిన వేల పరిశోధనలను చదివి, బేరీజు వేసి నివేదిక రాస్తుంది. 1988లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి దీన్ని ఏర్పాటు చేశాయి. నివేదిక సారాంశంలోని ప్రతి వాక్యాన్నీ ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని ఒప్పుకోవాలి. చమురు అమ్మే దేశాలు కూడా అందులో ఉంటాయి. కాబట్టి అందులోని మాట అతిశయోక్తి కావడం కంటే ఆచితూచి అన్నది కావడానికే అవకాశం ఎక్కువ. అలాంటి సంస్థ 2021లో మనిషి ప్రభావం నిస్సందేహమని రాసింది.

ప్రభుత్వాలు ఎప్పటి నుంచి కదిలాయి?

1992లో రియో డి జనీరోలో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడికపై సంతకాలు చేశాయి. అందులో ఉద్దేశాలున్నాయి, అంకెలు లేవు. 1997లో క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకు మాత్రమే ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే వాయువులు, తగ్గించే లక్ష్యాలు పెట్టింది. అమెరికా సంతకం చేసింది, కానీ ఆమోదించలేదు. కెనడా ఒప్పుకుని మధ్యలో వదిలేసి పోయింది. పైనుంచి లక్ష్యం రుద్దితే నిలవదని అందరికీ అర్థమైంది.

అందుకే 2015 డిసెంబరులో పారిస్‌లో దారి మార్చారు. ఎంత తగ్గిస్తుందో ప్రతి దేశం తనంతట తానే రాసిచ్చి, అయిదేళ్లకోసారి దాన్ని పెంచాలి. వేడిని 2 డిగ్రీలకు బాగా లోపల, వీలైతే 1.5 డిగ్రీల దగ్గర ఆపడం ఉమ్మడి లక్ష్యం. ఇవి అనేక ఏళ్ల సగటుకు వర్తిస్తాయి. 2024 ఒక్కటే గీత దాటినంత మాత్రాన ఒప్పందం విఫలమైనట్టు కాదు, కానీ గీత ఎంత దగ్గరలో ఉందో తెలిసింది.

2021 గ్లాస్గో సదస్సులో బొగ్గు వాడకాన్ని 'ఆపేయడం' అన్న మాట చివరి గంటల్లో 'తగ్గించడం'గా మారింది. భారత్, చైనా అందుకు పట్టుబట్టాయి. 2023లో దుబాయ్‌లో మొదటిసారి శిలాజ ఇంధనాల నుంచి మళ్లాలన్న మాట ఒప్పంద పత్రంలోకి ఎక్కింది. అసలు దోషి పేరు పత్రంలో రాయడానికి ముప్ఫై ఏళ్లు పట్టిందన్నమాట.

మాట తప్పితే శిక్ష ఉందా?

లేదు. పరువు పోవడమే శిక్ష. పరువు పట్టించుకోనివారికి అదీ లేదు. అమెరికా 2020లో పారిస్ ఒప్పందం నుంచి బయటికి వెళ్లి, 2021లో తిరిగి వచ్చి, 2025 జనవరిలో మళ్లీ వెళ్లిపోతామని ప్రకటించింది.

అయితే న్యాయస్థానాలు కొత్త దారి తెరిచాయి. నెదర్లాండ్స్‌లో ఉర్జెండా అనే సంస్థ తమ ప్రభుత్వం మీదే దావా వేసింది. 2020 నాటికి ఉద్గారాలను 1990 స్థాయి కంటే కనీసం 25 శాతం తగ్గించాల్సిందేనని 2019 డిసెంబరులో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఖాయం చేసింది. వనువాటు అనే చిన్న ద్వీపదేశం పట్టుదలతో విషయం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యతేనని 2025 జులైలో ఆ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది.

ఇంటి దగ్గర దేశాలు ఏయే పద్ధతులు వాడుతున్నాయి?

మొదటిది పన్ను. ఫిన్లాండ్ 1990లో, స్వీడన్ 1991లో కర్బన పన్ను వేశాయి. రెండోది ఉద్గారాల వ్యాపారం: మొత్తం ఇంతకు మించకూడదని ప్రభుత్వం హద్దు గీసి, అనుమతి పత్రాలు పంచుతుంది. తక్కువ పొగ వదిలినవారు మిగిలిన పత్రాలు అమ్ముకోవచ్చు. ఐరోపా యూనియన్ 2005లో మొదలుపెట్టినప్పుడు కంపెనీలకు నొప్పి తగలకూడదని పత్రాలు ఉదారంగా పంచారు. ఫలితంగా 2007 నాటికి వాటి ధర దాదాపు సున్నాకు పడింది. తర్వాత హద్దు బిగించారు. 2023లో టన్ను ధర 100 యూరోలు దాటింది. పద్ధతి అదే, బిగింపులోనే తేడా.

చట్టంతో దారికి తెచ్చిన దేశం బ్రిటన్. 2008 చట్టం ప్రకారం ఇంతకు మించి వదలకూడదనే కర్బన బడ్జెట్ అయిదేళ్లకొకటి పెట్టుకోవాలి, స్వతంత్ర కమిటీ దాన్ని తనిఖీ చేయాలి. బొగ్గుతో కరెంటు తీయడంలో లోకానికి దారి చూపిన ఆ దేశం 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. 2012లో కూడా అక్కడి విద్యుత్తులో దాదాపు నలభై శాతం బొగ్గుదే.

సౌర విద్యుత్తు కథ ఇంకా ఆసక్తికరం. 2000లో జర్మనీ సౌర, పవన విద్యుత్తుకు ఇరవై ఏళ్ల పాటు స్థిరమైన ధర హామీ ఇచ్చింది. అప్పట్లో అది దండగమారి ఖర్చులా కనిపించింది. ఆ గిరాకీని చూసి చైనా భారీగా కర్మాగారాలు పెట్టింది. 2010–2020 మధ్య ఫలకాల ధర దాదాపు 90 శాతం పడిపోయింది. ఏ సదస్సులోనూ ఎవరూ సంతకం చేయని మేలు ఇది. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్తువే, పన్ను మినహాయింపుల పుణ్యమా అని. ఆ నార్వే చమురు, సహజవాయువు ఎగుమతులు మాత్రం ఆపలేదు.

మరి వెనకడుగు ఎందుకు వేస్తాయి?

పన్ను నొప్పి ఈరోజే తగులుతుంది, మేలు ఎప్పుడో అందుతుంది. ఆస్ట్రేలియా 2012లో తెచ్చిన కర్బన ధరను 2014లో ఎత్తేసింది. ఫ్రాన్స్‌లో 2018లో ఇంధన పన్ను పెంచబోతే పసుపు జాకెట్లు తొడుక్కున్న నిరసనకారులు వీధుల్లోకి వచ్చారు, పెంపు ఆగిపోయింది. అక్కడ జనం కోపం పర్యావరణం మీద కాదు. బస్సు దొరకని పల్లెల్లో బతికేవాళ్ల మీద భారం వేయడం మీద.

ఖర్చు ఎవరు భరించాలి?

అన్ని సదస్సుల్లోనూ అసలు తగవు ఇదే. ఇప్పటిదాకా గాలిలో కలిపిన శిలాజ ఇంధనాల కర్బనంలో దాదాపు నాలుగో వంతు అమెరికాది. ఏడాది లెక్కన ఇప్పుడు చైనా మొదటిది. భారత్ మూడోది, అయితే తలసరి లెక్కలో ప్రపంచ సగటులో సగం కూడా లేదు. ఎవరికి అనుకూలమైన లెక్కను వారు ముందు పెడతారు. పేద దేశాలకు ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు 2020 నాటికి ఇస్తామని సంపన్న దేశాలు 2009లో మాట ఇచ్చాయి. ఆ మొత్తం చేరింది 2022లో, అందులోనూ చాలా భాగం అప్పు. 2024లో బాకూ సదస్సులో ఆ మొత్తాన్ని 2035 నాటికి 30,000 కోట్ల డాలర్లకు పెంచుతామన్నారు. అది చాలదని పేద దేశాలు అక్కడికక్కడే చెప్పాయి.

ఇక తప్పించుకోలేని నష్టానికి ఏం చేస్తున్నారు?

దీనికి చప్పట్లు తక్కువ, ఫలితం ఎక్కువ. బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన 1970 తుపానులో మూడు లక్షల మందికి తగ్గకుండా చనిపోయారు. తర్వాత ఆ దేశం తుపాను ఆశ్రయాలు కట్టింది, ఇంటింటికీ కబురు చేరవేసే స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేసింది. ఇప్పుడు పెద్ద తుపాన్లలోనూ మృతుల సంఖ్య ఎన్నో రెట్లు తగ్గింది. 2003 వేసవిలో ఐరోపాలో వడగాలులకు వేలమంది, ఎక్కువగా ఒంటరిగా ఉంటున్న వృద్ధులు, ప్రాణాలు వదిలాక ఫ్రాన్స్ వడగాలి హెచ్చరికల పథకం పెట్టింది. పేరు నమోదు చేసుకున్న వృద్ధులకు ఫోను చేసి క్షేమం కనుక్కోవడం అందులో భాగం.

ఒప్పందం పనిచేసిన దాఖలా ఒక్కటైనా ఉందా?

ఉంది. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందాన్ని ప్రపంచ దేశాలన్నీ ఆమోదించాయి. అది నిషేధించిన వాయువులు వేడిని పట్టి ఉంచేవి కూడా, కాబట్టి భూతాపాన్ని కొంత అదీ ఆపింది. అయితే అక్కడ మార్చాల్సింది కొద్ది కంపెనీలు తయారుచేసే రసాయనాలను. ఇక్కడ మార్చాల్సింది వంట, ప్రయాణం, ఇనుము, ఎరువు, సిమెంటు.

మొత్తం మీద ప్రభుత్వాలు సఫలమవుతున్నాయా? దేన్ని చూసి తెలుసుకోవాలి?

పారిస్‌కు ముందు ఈ శతాబ్దం చివరికి నాలుగు డిగ్రీల వైపు వెళుతున్నామనుకునేవారు. ఇప్పటి విధానాలు ఇలాగే సాగితే మూడుకు అటూ ఇటూ అంటున్నారు. కాబట్టి ఏమీ జరగలేదనడం అబద్ధం, చాలినంత జరిగిందనడం అంతకంటే పెద్ద అబద్ధం. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అన్న సామెత చాలా దేశాల హామీ పత్రాలకు అతికినట్టు సరిపోతుంది.

హామీ పత్రాలు పక్కన పెట్టి కీలింగ్ గీతను చూడండి. 1960లలో అది ఏడాదికి పది లక్షల పాళ్లలో ఒక పాలు కంటే తక్కువే పెరిగేది. గత పదేళ్ల సగటు దాదాపు రెండున్నర పాళ్లు. 2024లో మూడు పాళ్లకు పైగా పెరిగింది. కొవిడ్‌తో లోకమంతా ఇళ్లలో కూర్చున్న 2020లో శిలాజ ఇంధనాల ఉద్గారాలు సుమారు అయిదు శాతం తగ్గాయి, అయినా గీత ఆ ఏడూ పైకే వెళ్లింది. నిండుతున్న తొట్టిలోకి కుళాయిని కాస్త తిప్పి ధార సన్నం చేస్తే నీటిమట్టం తగ్గదు, నెమ్మదిగా పెరుగుతుంది. ఆ గీత వంగిన సంవత్సరం ఇంతవరకు రాలేదు.